పహాడీ షరీఫ్ పంచాంగం

2025 జూలై 6, ఆదివారం. ఆ రోజు తొలి ఏకాదశి. మొహర్రం పదో తారీఖు కూడా ఆ రోజే, అంటే ఊళ్లలో పీర్ల పండుగ ఆఖరి దినం. ఆదివారం కాబట్టి చర్చిల్లో ఆరాధన ఎలాగూ ఉంది. ఒక ఇంట్లో పేలాల పిండిలో బెల్లం కలుపుతుంటే, పక్క వీధిలో షర్బత్ డ్రమ్ముల్లో ఐసు గడ్డలు పడుతున్నాయి. ఏకాదశికని పొద్దు ఉన్నవాళ్లున్నారు, ఆషూరాకని రోజా ఉన్నవాళ్లున్నారు. అంతకు ముందటేడు, 2024లో కూడా అంతే: జూలై 17న రెండూ ఒకే రోజు పడ్డాయి. ఇంకో ఏడు వెనక్కు పోతే 2023 జూన్ 29న తొలి ఏకాదశి, బక్రీద్ కలిసి వచ్చాయి.

మూడేళ్లు వరుసగా ఇలా జరిగితే ‘అల్లా, ఏడుకొండలవాడు కలిసి చూసుకున్నారు’ అని చమత్కరించేవాళ్లు ఉంటారు. చూసుకున్నది చంద్రుడు. ఆయన్ని మనవాళ్లు ఒక రకంగా లెక్కపెట్టారు, ముస్లింలు ఇంకో రకంగా లెక్కపెట్టారు. ఆ రెండు లెక్కలు కలిసినప్పుడు ఏమవుతుందో, విడిపోయినప్పుడు ఏమవుతుందో చూడాలంటే హైదరాబాద్‌కు దక్షిణాన, విమానాశ్రయానికి పోయే దారిలో ఉన్న పహాడీ షరీఫ్ చుట్టుపక్కల తిరగాలి. ఆ కొండ మీది దర్గా, కొండకు అటు బాలాపూర్ గణపతి, ఇటు బార్కస్ అరబ్బులు, పడమట శంషాబాద్ రాముడు, ఆ పక్కన ముచ్చింతల్ రామానుజుడు, మధ్యలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం. గంట ప్రయాణంలో ఇన్ని క్యాలెండర్లు తగిలే చోటు తెలంగాణలో ఇంకోటి ఉందనుకోను.

చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే ముందు బార్కస్ వస్తుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి, ముఖ్యంగా హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులది ఈ పేట. లుంగీ కట్టు, జామపండ్ల బండ్లు, మందీ హోటళ్లు. అది దాటి ఇంకా దక్షిణానికి పోతే ఎండకు నల్లబడిన బండలు, వాటి మీద తెల్లటి దర్గా. మెట్ల మొదట్లోనే గులాబీల బుట్టలు, పూల చాదర్లు, అగరొత్తుల కట్టలు, సాంబ్రాణి పొట్లాలు. గురువారం, శుక్రవారం రద్దీ ఎక్కువ. చంకలో పిల్లలు, చేతిలో చెప్పులు, నెత్తి మీద కొంగు, ఎక్కలేని ముసలివాళ్లకు ఒక భుజం ఆసరా. పైకి ఎక్కేవాళ్లలో బొట్టు ఉన్న నుదుళ్లకు కొదవ ఉండదు. ఇక్కడ అది ఎవరూ తిరిగి చూసే విషయం కాదు. పైకి చేరాక గాలి వీస్తుంది. కింద జల్‌పల్లి ఇళ్లు, దూరంగా రన్‌వే వైపు దిగుతున్న విమానాలు.

పైన నిద్రిస్తున్నది హజ్రత్ బాబా షర్ఫుద్దీన్ సుహ్రవర్దీ. ఇరాక్ నుంచి వచ్చిన సూఫీ. బాగ్దాద్‌లో పేరుమోసిన షిహాబుద్దీన్ ఉమర్ సుహ్రవర్దీ పరంపర ఆయనది. దక్కనుకు తొలినాళ్లలో వచ్చిన సూఫీల్లో ఒకరు. దర్గా సంప్రదాయం చెప్పే లెక్కలో ఆయన హిజ్రీ 687లో, అంటే మన లెక్కలో 1288లో కన్నుమూశారు. ఆ సంవత్సరాన్ని ఒకసారి పక్కన పెట్టి చూడండి. అప్పటికి చార్మినార్ లేదు, అది రావడానికి ఇంకా మూడు వందల ఏళ్లు. గోల్కొండకు సుల్తాన్ లేడు. కుతుబ్‌షాహీలు గద్దెనెక్కేది 1518లో. ఈ నేల అప్పుడు కాకతీయులది. ఓరుగల్లులో రాణీ రుద్రమదేవి పాలిస్తున్నది. బాబా పోయిన మరుసటి ఏడే, 1289లో, ఆమె కూడా పోయింది. శంషాబాద్ దగ్గర నర్కూడ ఊరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడిని కూడా 13వ శతాబ్దిదనే చెబుతారు. అంటే ఆ గుడి రాముడు, ఈ కొండ బాబా ఒక కాలం ఇరుగుపొరుగులు. ముస్లిం రాజ్యం రాకముందే ముస్లిం సాధువు వచ్చి కొండెక్కి కూర్చున్నాడన్నది మన స్కూలు చరిత్రలో సాధారణంగా దాటేసే పాఠం. కత్తి వచ్చింది, ఆ తర్వాత మతం వచ్చిందని వరస చెప్పేవాళ్లకు ఈ మెట్లు ఒకసారి ఎక్కించాలి.

బాబా ఉర్సు షాబాన్ నెలలో, షబ్-ఎ-బరాత్ దాటిన రోజుల్లో జరుగుతుంది. గంధం ఊరేగింపు, దీపాలు, ఖవ్వాలీ. ఆ రోజుల్లో శ్రీశైలం రోడ్డు మీద బండి నడపడం ఓపిక ఉన్నవాళ్ల పని. మొక్కు తీరినవాళ్లు కొండ కిందే మేకను కోసి కందూరు చేస్తారు. బంధువులందరికీ కబురు వెళ్తుంది, ఆటోలు మాట్లాడుకుని వస్తారు, చెట్ల కింద పొయ్యిలు పెడతారు. కందూరు తెలంగాణ పల్లెల్లో ముస్లింలదొక్కటే కాదు. జాన్‌పహాడ్ దర్గాకు పోయినా ఇక్కడికొచ్చినా, మొక్కిన యాదవులు, గౌడులు, మాదిగలు కందూరు చేస్తారు. అయితే ఒక పద్ధతి: మేకను హలాల్ చేసేది ముజావరు లేదా ముల్లా, ఫాతెహా చదివేది ఆయనే, వండేది ఇంటివాళ్లు. ఫాతెహా అయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. ఆ తర్వాత ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం. చంద్రమాన సంవత్సరానికి 354 రోజులు, సూర్యుడి ఏడాదికి 365. ఏటా పదకొండు రోజుల తేడా. ఆ తేడాను ఏం చేయాలన్నదే గొడవంతా. తెలుగు పంచాంగం దాన్ని కొంతకాలం పోగుచేసి, ఒక నెల అయ్యేంత జమ కాగానే అధికమాసం వేసి సరిచేస్తుంది. పందొమ్మిదేళ్లలో ఏడు సార్లు. అందుకే మన ఉగాది ఎన్ని ఏళ్లైనా మార్చి, ఏప్రిల్ దాటి పోదు, దసరా వాన వెనకబడ్డాకే వస్తుంది. ఇస్లాం అలా నెల కలపడాన్ని ఒప్పుకోలేదు. ప్రవక్తకు ముందు అరబ్బులు కూడా కలిపేవారు, దాన్ని నసీ అనేవారు. ఖురాన్ తొమ్మిదో సూరా దాన్ని నిషేధించింది. అప్పటి నుంచి హిజ్రీ ఏడాది ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్లకు ఋతువులన్నీ చుట్టి వస్తుంది. ఒక మనిషి బతుకులో రంజాన్ ఎండలోనూ వస్తుంది, చలిలోనూ వస్తుంది. రోజా ఉండటం ఏ దేశం వాడికీ శాశ్వతంగా సులువు కాదు, శాశ్వతంగా కష్టమూ కాదు. పద్ధతిలో న్యాయం ఉంది.

మతం ఇలా జరిగితే జరిగింది, శిస్తు జరిగితే సర్కారు ఊరుకోదు. పంట చంద్రుణ్ని చూసి పండదు కదా! అందుకే మొఘలుల కాలం నుంచీ పన్ను వసూలుకు ఫసలీ అని ఇంకో సంవత్సరం పెట్టుకున్నారు. నిజాం సర్కారు కాగితాలు దై, బహ్‌మన్ వంటి పారశీక నెలల పేర్లతో, సూర్యుడి లెక్కతో నడిచాయి. పాత పహాణీ తిరగేసినవాళ్లకు ఫసలీ సంవత్సరం తెలుసు. నమాజుకు ఒక క్యాలెండర్, నాగలికి ఒక క్యాలెండర్. పాలకుడికి దేవుడి మీద ఎంత భక్తి ఉన్నా ఖజానా దగ్గర సూర్యుణ్నే నమ్ముతాడు.

2023లో అధిక శ్రావణం వచ్చింది, జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా. మళ్లీ అధికమాసం 2026లో, జ్యేష్ఠానికి. ఈ రెండింటి నడుమ దాదాపు మూడేళ్లు మన నెలలు, హిజ్రీ నెలలు జోడెడ్లలా ఒక్క కాడి కింద నడిచాయి. మాఘమంటే షాబాన్. ఫాల్గుణమంటే రంజాన్. చైత్రమంటే షవ్వాల్. ఆషాఢమంటే మొహర్రం. భాద్రపదమంటే రబీ ఉల్ అవ్వల్. మనకు అమావాస్య మరునాడు పాడ్యమి, వాళ్లకు నెలవంక కంటికి కనబడ్డ మరునాడు ఒకటో తారీఖు. అందుకే వాళ్ల పది మన ఏకాదశికి వచ్చి ఆగింది.

ఇది పేపర్ మీద లెక్క. రోడ్డు మీద ఎలా కనబడిందో చూడాలి.

మాఘం చూద్దాం. ఈ మూడేళ్లలో పహాడీ షరీఫ్ ఉర్సు మాఘ మాసంలో పడింది. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర, ఆ వెంటనే షబ్-ఎ-బరాత్, దాని వెనక ఉర్సు. సమ్మక్క, సారలమ్మలకు ఎత్తుబంగారం మోసుకెళ్లి వచ్చినవాళ్లు వారం తిరగకముందే ఈ కొండెక్కారంటే ఆశ్చర్యం లేదు. మొక్కుకు మతం అడ్డం రాదు, సెలవు దొరికితే చాలు.

మాఘం ఆఖరున శివరాత్రి. అమావాస్య ముందటి రాత్రి ఉపవాసం, జాగారం. అమావాస్య పోయి నెలవంక కనబడితే రంజాన్. ఈ వరసకు ఈస్టర్ కూడా వచ్చి కలిసింది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే తొలి పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్ కాబట్టి క్రైస్తవుల నలభై రోజుల శ్రమకాలం కూడా చంద్రుడికి బాకీ ఉన్నదే. 2025లో ఫిబ్రవరి 26న శివరాత్రి, మార్చి 2న రంజాన్ మొదలు, మార్చి 5న విభూతి బుధవారం. 2026లో ఇంకా దగ్గరయ్యాయి: ఫిబ్రవరి 15 శివరాత్రి, 18 విభూతి బుధవారం, 19 రంజాన్ తొలి రోజా. అయిదు రోజుల్లో మూడు మతాలవాళ్లు పస్తులున్నారు. ఒకరిది రాత్రంతా మేలుకునే పస్తు, ఒకరిది పగలంతా నీళ్లు ముట్టని పస్తు, ఒకరిది మాంసం, విలాసం మానేసే పస్తు. ఉపవాసం విప్పాక మాత్రం తేడా చాలా ఉంది. ఆ విషయంలో నా ఓటు బార్కస్‌కే.

అరబ్బులు తెచ్చిన హరీస్‌లో గోధుమ, మాంసం, ఉప్పు, నెయ్యి, అంతే. దాన్ని హైదరాబాద్ మసాలా పట్టించి హలీం చేసింది. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఈ దేశంలో ఒక మాంసం వంటకానికి అలాంటి గుర్తింపు రావడం అదే మొదలు. బార్కస్‌లో ఇప్పటికీ ఆ పాత హరీస్ దొరుకుతుంది, కాస్త తీపి కలుపుకుని తినేవాళ్లూ ఉన్నారు. మట్టి బట్టీలో దింపిన డేగ్ చుట్టూ ఇద్దరు నిలబడి పొడుగాటి చెక్క గోటాలతో దంచుతూ ఉంటారు. గంటల తరబడి. గోధుమ, మాంసం ఏది ఏదో తెలియకుండా కలిసిపోయేదాకా ఆ చెయ్యి ఆగదు. మిక్సీలో వేసి తిప్పినదాన్ని, ఇలా గోటాతో దంచినదాన్ని నాలుకే వేరు చేసి చెబుతుంది. గోటాతో దంచినదాంట్లో మాంసం పీచు సాగుతుంది. సాయంత్రం బట్టీ చుట్టూ గుంపులో ఎవరు రోజా ఉన్నారో, ఎవరు కేవలం ఆకలితో వచ్చారో పోల్చుకోవడం కష్టం. సర్కారు కూడా ఏటా ఉత్తర్వు ఇస్తుంది: రంజాన్ నెలంతా ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే ఇంటికి పోవచ్చు.

ఆ నెల ముగిసేది నెలవంకతో. హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ దగ్గర రుయత్-ఎ-హిలాల్ కమిటీ కూర్చుంటుంది, జిల్లాల నుంచి, ఇతర ఊళ్ల నుంచి చంద్రుణ్ని చూశామన్న సాక్ష్యాలు తీసుకుంటుంది, రాత్రికి ప్రకటిస్తుంది. ఉగాది తేదీ పంచాంగంలో ఏడాది ముందే అచ్చవుతుంది. ఈద్ తేదీ ముందు రోజు రాత్రి దాకా ఖాయం కాదు. టైలర్‌కూ, సేమ్యాల దుకాణానికీ ఆ ఒక్క రాత్రి ఎంత గండమో వాళ్లకే తెలుసు. 2024లో ఏప్రిల్ 9 ఉగాది, 11 ఈద్. 2025లో మార్చి 30 ఉగాది, 31 ఈద్. 2026లో మార్చి 19 ఉగాది, 21 ఈద్. వేప పువ్వు చేదు నాలుక మీద ఉండగానే షీర్‌ఖుర్మా గిన్నె వచ్చింది. రెండూ ఒకే అమావాస్య పిల్లలు.

ఉగాది నుంచి లెక్కపెడితే తొమ్మిదో తిథి శ్రీరామనవమి. అమ్మపల్లిలో ఆ రోజు కల్యాణం. ఏడంతస్తుల రాజగోపురం, పక్కన పెద్ద కోనేరు, చుట్టూ కొబ్బరి చెట్లు. ఆ గుడి ముఖం మీకు ముందే తెలుసు, కాకపోతే గుడిగా కాదు, సినిమాగా. తెలుగు సినిమాలో పల్లెటూరి గుడి కావాలంటే యూనిట్ బస్సు తిరిగేది ఈ మలుపులోనే. అందరి సినిమా పెళ్లిళ్లకూ సాక్షి అయిన రాముడికి తన పెళ్లి మాత్రం ఏడాదికి ఒక్కసారే. గర్భగుడిలో సీతారామలక్ష్మణుల దగ్గర ఆంజనేయుడు ఉండడు. ఆయన బయట, ధ్వజస్తంభం దగ్గర ఎదురుగా నిలబడి ఉంటాడు.

అక్కడికి దగ్గర్లోనే ముచ్చింతల్. 216 అడుగుల రామానుజాచార్య విగ్రహం. 2022 ఫిబ్రవరి 5న, వసంత పంచమి రోజున, ప్రధాని ఆవిష్కరించారు. రామానుజులు పుట్టింది 1017లో, ఆ వెయ్యేళ్ల వేడుకకు తలపెట్టిన పని ఇది. చుట్టూ 108 దివ్యదేశాల నమూనా గుళ్లు. కింద గదిలో 120 కిలోల బంగారు విగ్రహం, ఆయన బతికిన 120 ఏళ్లకు గుర్తుగా. పంచలోహం తళతళలాడుతుంది, ఫౌంటెన్ ఆడుతుంది, లోపలికి టికెట్ ఉంటుంది. తిరుమంత్రాన్ని దాచుకోకుండా గోపురమెక్కి అందరికీ వినబడేలా చెప్పాడని కథ ఉన్న మనిషికి టికెట్ కౌంటర్ కాస్త ఇబ్బందే. కానీ శని ఆదివారాల్లో వచ్చే జనం దాన్ని పట్టించుకోవడం లేదు. పహాడీ షరీఫ్‌ది ఏడు వందల ఏళ్ల అలవాటు, ముచ్చింతల్ అలవాటు ఇప్పుడిప్పుడే పడుతున్నది. పండుగలు ఇలా కూడా పుడతాయి.

నడుమ విమానాశ్రయం. 2008 మార్చి 23న ఇక్కడి నుంచి రాకపోకలు మొదలైనప్పటి నుంచి ఈ ప్రాంతపు పండుగల్లో విమానాల టైంటేబుల్ కూడా చేరింది. హజ్ యాత్రకు తెలంగాణ వాళ్లు ఎక్కేది ఇక్కడే. నాంపల్లి హజ్ హౌస్ నుంచి బస్సుల్లో వస్తారు. ఒక్కొక్క హాజీ వెంట సాగనంపడానికి పదిమంది. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కరికి 5 లీటర్ల జంజం నీళ్ల డబ్బా. చలికాలంలో ఇదే గేట్ల దగ్గర నల్ల బట్టల అయ్యప్ప స్వాములు, నెత్తిన ఇరుముడి. ఇరుముడిలో నెయ్యి నింపిన టెంకాయ ఉంటుంది. కొబ్బరికాయ మంటంటుకునే వస్తువు కింద లెక్క కాబట్టి క్యాబిన్‌లోకి రానివ్వరు. ఇరుముడిని లగేజీలో వేయడానికి స్వామికి మనసొప్పదు. ఏళ్ల తరబడి సాగిన ఈ తగువుకు 2024 అక్టోబర్‌లో ఒక దారి దొరికింది. పౌర విమానయాన మంత్రిగా ఉన్న శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు, ఆ సీజన్‌లో 2025 జనవరి 20 దాకా, తనిఖీల తర్వాత టెంకాయను చేతి సంచిలో తీసుకుపోవచ్చని ప్రకటించారు. ఒకరి నీళ్లకూ ఇంకొకరి కాయకూ జాగా చూడాల్సిన ఉద్యోగం విమానాశ్రయానిది.

ఇక ఆషాఢం. నగరంలో గోల్కొండ జగదాంబతో మొదలై బోనాలు సాగుతుంటాయి. 2024, 2025లో ఊళ్లలో పీర్ల కొట్టం తలుపులు తెరిచిందీ ఆ నెలే. అలావ తవ్వుతారు, పీరులకు దట్టీలు కడతారు, ఆశన్న ఊశన్న పేర్లు పలుకుతూ గుండం చుట్టూ ఆడతారు. పీరును ఎత్తేవాడు చాలా ఊళ్లలో హిందువే. ఎన్నో పల్లెల్లో ఒక్క ముస్లిం ఇల్లు లేకపోయినా పీర్ల కొట్టం ఉంటుంది. షియా సంతాపంగా మొదలైనది తెలంగాణలో పండుగ అయిపోయింది. పాతబస్తీలో బీబీ కా అలావా నుంచి సాగే ఊరేగింపులో గుండెలు బాదుకుంటారు, మన ఊళ్లలో డప్పు మోగుతుంది. ఇది సరైన ఆచారమేనా అని అటు మౌల్వీలు, ఇటు కొందరు స్వాములు అడుగుతూనే ఉన్నారు. డప్పు ఆగలేదు.

ఆ పండుగకు పెట్టేది మలీద. గోధుమ రొట్టెను కాల్చి, వేడి మీదే రెండు చేతుల మధ్య చిదమాలి. చల్లారితే రవ్వ కాదు, ముక్కలవుతుంది. అందుకని అరచేతులు కాలుతున్నా ఆపరు. తురిమిన బెల్లం వేసి, నెయ్యి పోసి, బెల్లం కరిగి రొట్టె పొడిని పట్టుకునేదాకా పిసుకుతారు. ఉన్నవాళ్లు యాలకులు, జీడిపప్పు వేస్తారు, లేనివాళ్లు సోంపుతో సరిపెడతారు. ఉండలు కట్టి పీరు ముందు పెట్టి ఫాతెహా చదివిస్తారు. మూడు నెలలు తిరిగి సద్దుల బతుకమ్మ రోజు వచ్చేసరికి, అదే ఆడవాళ్లు అవే చేతులతో అదే మలీద చేసి, ముద్దలు కట్టి, గౌరమ్మను నీళ్లలో సాగనంపాక చెరువు గట్టు మీద పంచుతారు. వంటలో ఏ మార్పూ లేదు. రెండో దఫా ఫాతెహా ఉండదు, పాట ఉంటుంది.

అన్నీ ఇంత తియ్యగా ఉంటే ఈ కథనం ఇక్కడే ఆపొచ్చు. భాద్రపదం ఉంది.

పహాడీ షరీఫ్‌కు పొరుగునే బాలాపూర్. బాలాపూర్ గణపతి చేతిలోని లడ్డూను 1994లో తొలిసారి వేలం వేస్తే 450 రూపాయలు పలికింది. 2023లో 27 లక్షలు, 2024లో 30 లక్షల వెయ్యి, 2025లో 35 లక్షలు. లడ్డూ దక్కించుకున్నవాళ్లు ముక్కలను చుట్టాలకు పంచుతారు, పొలంలో చల్లుకునేవాళ్లూ ఉన్నారు. వేలం డబ్బు ఊరి పనులకు, గుడికి పోతుంది. వేలం ముగిశాక అనంత చతుర్దశి నాడు విగ్రహం కదులుతుంది. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్ మీదుగా హుస్సేన్ సాగర్‌కు. అంటే పాతబస్తీ నడిబొడ్డు నుంచి. నగరం మొత్తం నిమజ్జన ఊరేగింపుకు ఇదే వెన్నెముక.

రబీ ఉల్ అవ్వల్ 12 ప్రవక్త పుట్టిన రోజు, మిలాదున్నబీ. ఆ నెల, భాద్రపదం జత కట్టిన మూడేళ్లలో ఈ రెండు ఊరేగింపులు ఒకే రోజుకో, వెంట వెంట రోజులకో, ఒకే రోడ్డు మీద పడ్డాయి. 2023లో సెప్టెంబర్ 28న రెండూ. 2024లో మిలాద్ 16, నిమజ్జనం 17. 2025లో మిలాద్ 5, నిమజ్జనం 6. పచ్చ జెండాలు, కాషాయ జెండాలు ఒకే స్తంభానికి కట్టాల్సిన పరిస్థితి. మూడు సార్లూ మిలాద్ జులూస్‌ను నిర్వాహకులే వెనక్కు జరిపారు. 2023లో అక్టోబర్ 1కి, 2024లో సెప్టెంబర్ 19కి, 2025లో సెప్టెంబర్ 14కి. పుట్టిన రోజు ఇళ్లలో, మసీదుల్లో ఆ రోజే చేసుకున్నారు, రోడ్డు మాత్రం ఇంకో రోజు తీసుకున్నారు. పోలీసులతో కూర్చుని మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయం ఇది. టీవీల్లో మత సామరస్యం అని పొగిడారు. నా దృష్టికి ఇందులో సామరస్యం కంటే పెద్ద గుణం ఒకటుంది: ఇంగితం. విగ్రహాన్ని నీళ్లలో కలపడానికి తిథి ఒక్కటే, జులూస్ తీయడానికి ఆ ఇబ్బంది లేదు. జరగగలిగినవాళ్లు జరిగారు. అయితే ఏటా ఒక పక్షమే జరగాలా అన్న ప్రశ్న ఆ సందుల్లో వినబడింది, అది అన్యాయమైన ప్రశ్నేమీ కాదు.

జరపలేనిది ఒకటుంది, చప్పుడు. 2024లో రెండు ఊరేగింపులూ అయ్యాక గుండెజబ్బు రోగుల నుంచి పసిపిల్లల తల్లుల దాకా మొరపెట్టుకున్నారు. పోలీసులు అన్ని మతాల పెద్దల్ని పిలిచి మాట్లాడి, ఆ అక్టోబర్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను, బాణసంచాను నిషేధించారు. గణపతి డీజేకూ మిలాద్ డీజేకూ రికార్డులే వేరు, స్పీకర్లు ఒకటే, కొన్నిసార్లు అద్దెకిచ్చిన దుకాణమూ ఒకటే. నిషేధం పుస్తకంలో ఉంది, చప్పుడు రోడ్డు మీద ఇంకా అప్పుడప్పుడు ఉంది.

కార్తీక పున్నమికి చెరువుల్లో దీపాలు. అత్తాపూర్ సిక్కు ఛావునీలో అదే పున్నమికి గురునానక్ జయంతి, లంగరు. నిజాం కొలువుకు పంజాబ్ నుంచి వచ్చిన సిపాయిల మనవలు, మునిమనవలు అక్కడ తెలుగు, దక్కనీ రెండూ మాట్లాడతారు. ఆపై డిసెంబర్. ఇక్కడి నుంచి లెక్క సూర్యుడి చేతికి వస్తుంది. క్రిస్మస్ 25 దాటి ఎటూ పోదు. ధనుర్మాసం, ముక్కోటి, సంక్రాంతి ఏ ఏడైనా ఆ చలిలోనే. బస్తీల్లో ఇంటింటికీ కాగితం నక్షత్రాలు వేలాడతాయి, పాటలు పాడే బృందాలు రాత్రి పూట వీధులు తిరుగుతాయి, డిసెంబర్ 31న చర్చిలో వాచ్ నైట్. తెలంగాణ క్రైస్తవానికి పెద్ద గుర్తు అయిన మెదక్ చర్చిని ప్రతిష్ఠించింది కూడా 1924లో క్రిస్మస్ రోజునే. కరువులో పనికి అన్నం పెట్టి కట్టించిన గుడి అది.

జోడెడ్ల కాడి 2026 అధిక జ్యేష్ఠంతో విడిపోయింది. ఆ ఏడు ఆషూరా జూన్ 26న, తొలి ఏకాదశి జూలై 25న. మిలాద్ ఆగస్టులోకి జరిగింది, వినాయక చవితి సెప్టెంబర్ 14కు పోయింది. బాలాపూర్ రోడ్డుకు ఊపిరాడింది. చివరిసారి ఇలాంటి ముడి పడింది 1990ల మొదట్లో, లడ్డూ వేలం ఇంకా పుట్టకముందు. మళ్లీ పడేది 2050ల రెండో సగంలో. అప్పటి ఊరేగింపు పెద్దలు ఇప్పుడు లడ్డూ వేలం చూడటానికి నాన్న భుజాల మీదెక్కిన పిల్లలు.

కానీ హిజ్రీ నెలలు ఊరికే కూర్చోవు, చలికాలం వైపు నడక మొదలుపెట్టాయి. పహాడీ షరీఫ్ ఉర్సు 2027లో జనవరి ఆఖరుకు, 2029 డిసెంబర్‌లో దాదాపు క్రిస్మస్ రోజులకే చేరుతుంది. శ్రీశైలం రోడ్డు మీద గంధం బండ్లు, క్రిస్మస్ షాపింగ్ కార్లు, సంవత్సరాంతపు సెలవులకని విమానాలెక్కేవాళ్లు కలిసి ఒకే సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటారు. 2030లో రంజాన్ రెండు సార్లు మొదలవుతుంది, జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబర్ చివర ఇంకోసారి. ఆ జనవరిలో సంక్రాంతి సరిగ్గా రోజాల నడుమ పడుతుంది. భోగి మంటకు లేచే ఇళ్లలోనూ, సహరీకి లేచే ఇళ్లలోనూ తెల్లవారక ముందే దీపాలు వెలుగుతాయి. జల్‌పల్లిలో పాలు పోసేవాళ్లు ఆ వారం ఇంకో గంట ముందు బయలుదేరాలి.